ఏడో గడిలో సంతకం

ఆ శనివారం దర్జీ దుకాణం కట్టేసే ముందు అక్క చేసిన చివరి పని, మాస్టారి సూదులకు దారాలెక్కించి పెట్టడం. మొత్తం ఎనిమిది సూదులు. నాలుగింటికి నల్లదారం, రెండింటికి తెల్లదారం, రెండింటికి ముదురు నీలం. డెబ్బై దాటిన మాస్టారికి సూదిబెజ్జం కనపడదు. కనపడదని ఆయన చచ్చినా ఒప్పుకోడు. అందుకని ఆదివారం సెలవు గడిచి సోమవారం పొద్దున ఆయన వచ్చేసరికి సూదులన్నీ గుడ్డమెత్త మీద సిపాయిల్లా వరసగా నిలబడి ఉండేవి. పదేళ్లుగా ఆ సంగతి ఆయనా ఎత్తలేదు, ఈవిడా ఎత్తలేదు.

అప్పటికి ఆమె వేళ్లకే స్పర్శ సరిగా లేదు. సూది పట్టుకున్నానో లేదో చూసుకుంటే తప్ప తెలిసేది కాదు. అందుకని సూదిని మెత్తలో గుచ్చి నిలబెట్టి, తల వంచి, దారాన్ని కంటితోనే నడిపించేది. దారం కొసని అందరిలా నోట్లో పెట్టి తడిపేది కాదు. ఒక చిన్న మూతలో తడి స్పాంజి ఉంచుకుని దానికి అద్దేది. ఎనిమిదో సూది అయ్యాక సంచీ భుజానికి తగిలించుకుని, సోమవారం సాయంత్రానికి గాని రానని చెప్పింది. నువ్వు లేకపోతే ఈ దుకాణానికి తాడూ లేదు బొంగరమూ లేదు, చీకటి పడేలోగా వచ్చెయ్యి అన్నాడు మాస్టారు. ఆమె నవ్వింది. మెట్ల దగ్గర ఆగి దగ్గింది. వెళ్లిపోయింది.

చెల్లెలికి ఇవన్నీ తర్వాత మాస్టారు చెబితే తెలిశాయి. అక్క పోయిన పదో రోజున ఆయనే చెల్లెలు పనిచేసే బస్టాండుకి వచ్చి, ఎంక్వైరీ కిటికీ ముందు నిలబడి, టోపీ తీసి చేత్తో పట్టుకుని, ఇవన్నీ వరసగా చెప్పాడు. ఆ ఎనిమిది సూదుల్లో ఇంకా రెండు మిగిలే ఉన్నాయన్నాడు.

అక్కని ఆ వీధిలో అందరూ కాజాలక్క అనేవారు. మిషను మీద కాజాలు తీసే దుకాణాలు వంద ఉన్నా, మందపాటి కోట్లకు చేత్తో కుట్టిన కాజా అందం వేరు. చీల్చిన గుడ్డ అంచు చుట్టూ దారం ముడి మీద ముడి, చీమలు బారులు తీరినట్టు రావాలి. ఆ పనిలో ఆమెకి సాటి లేదు. మాట మెత్తన, నవ్వు తక్కువ. ఒక్క సూది విషయంలోనే పిసినారి. తన సూది, తన కత్తెర, తన వేలితొడుగు ఒక రేకుడబ్బాలో పెట్టుకుని తాళం వేసుకునేది. ఎవరైనా ఒక్క నిమిషం సూది ఇమ్మంటే లేచి వెళ్లి కొత్త పొట్లం విప్పి అందులోంచి ఒకటి తీసి ఇచ్చేది గాని తనది ఇచ్చేది కాదు. "కాజాలక్కని ప్రాణం అడగండి ఇస్తుంది, సూది మాత్రం అడక్కండి" అని ఇస్త్రీ చేసేవాడు వచ్చిన ప్రతి గిరాకీకీ చెప్పేవాడు. ఆమె కూడా ఆ హాస్యానికి నవ్వేది. ఆ సూదితో ఎవరికీ ఏమీ కాదని మందుల కేంద్రంలో ఎన్నిసార్లు చెప్పినా ఆమె మనసు ఒప్పుకోలేదు.

పెళ్లయిన ఏడో ఏడు మొగుడు మంచాన పడ్డాడు. మూడు నెలల్లో పోయాడు. దేనివల్ల పోయాడో డాక్టరు ఆమెని పక్కకి పిలిచి చెప్పి, నువ్వు కూడా పరీక్ష చేయించుకో అన్నాడు. చేయించుకుంది. హెచ్ఐవి ఉందన్నారు. ఆ కాగితం మడిచి రవిక లోపల పెట్టుకుని ఆ రోజు కూడా వెళ్లి తొమ్మిది కాజాలు కుట్టింది. అప్పటికి అమ్మ లేదు, నాన్న లేడు. మిగిలింది చెల్లెలు ఒక్కతే. నెల తిరిగాక ఒకరోజు బస్టాండుకి వచ్చి, చెల్లెలి డ్యూటీ అయ్యేదాకా బెంచీ మీద కూర్చుని, టీ తాగుతూ చెప్పింది. చెల్లెలు ఏడ్చింది. అక్కే కళ్లు తుడిచింది.

మందులు ఉచితం. క్రమం తప్పకుండా వేసుకుంటే అందరిలా బతకొచ్చన్నారు. పద్నాలుగేళ్లు అలాగే బతికింది కూడా.

చెల్లెలి అత్తవారింట్లో ఈ మాట పొక్కలేదు. అక్కకి షుగరు అని చెప్పింది చెల్లెలు. షుగరు ఎంత మర్యాదగల జబ్బంటే, దాని గురించి ఒక ఆదివారం భోజనాల దగ్గర అత్తగారు గంటసేపు మాట్లాడి, కాకర రసం తాగమని సలహా కూడా ఇచ్చింది. అక్క తలూపి, అలాగే అత్తయ్యగారూ అంది. ఆ ఆదివారమే ఆ ఇంట్లో ఆమె ఆఖరి భోజనం. అక్క వెళ్లగానే చెల్లెలు ఆమె తాగిన గ్లాసుని మరిగిన నీళ్లతో మూడుసార్లు కడిగి, పై అరలో, వాడని గిన్నెల వెనకాల బోర్లించింది. గ్లాసు వల్ల ఏమీ రాదని చెల్లెలికి తెలుసు. చదివింది, అడిగింది, తెలుసుకుంది. తెలిసిన బుద్ధి వేరు, కడిగే చెయ్యి వేరు. చెయ్యి కిందికి దించి వెనక్కి తిరిగేసరికి వంటగది గుమ్మంలో అక్క నిలబడి ఉంది. మర్చిపోయిన గొడుగు కోసం వచ్చింది. గొడుగు తీసుకుని, వస్తానే అని వెళ్లింది. ఆ తర్వాత ఆరేళ్లలో ఎన్నిసార్లు పిలిచినా, దుకాణంలో పని ఉందే అనేది.

వాళ్ల ఊళ్లోనే, పెద్దాసుపత్రి వెనక, ఒక మందుల కేంద్రం ఉంది. అక్క అక్కడికి వెళ్లలేదు. ఆ వరండాలోంచి వెళ్లాలంటే సగం ఊరి కళ్ల ముందు నడవాలి. మూడు గంటల దూరంలో ఉన్న ఇంకో ఊరి కేంద్రంలో పేరు రాయించుకుంది. నెలకోసారి పొద్దున ఏడూ పది బస్సు, ఐదో నంబరు ప్లాట్‌ఫాం. ఆ బస్సు బయలుదేరుతోందని మైకులో చెప్పేది చెల్లెలే. అక్క కిటికీ దగ్గరికి వచ్చేది కాదు. ఎందుకు రావని అడిగితే, "నీ గొంతు వినపడుతుందిగా, ఊరంతటికీ చెప్పినట్టే నాకూ చెబుతావు, చాల్లే" అంది ఒకసారి.

ఆ కేంద్రంలోని హాలు గురించి అక్క అప్పుడప్పుడు చెప్పేది. నలభై కుర్చీలు. గోడకి తిప్పి వేసినట్టు అందరూ గోడవైపే చూస్తుంటారు. పేర్లు పిలవరు, నంబర్లు పిలుస్తారు. ఏళ్ల తరబడి పక్క కుర్చీలో కూర్చున్నవాళ్లు కూడా బయట బజార్లో ఎదురైతే ఎరగనట్టే తప్పుకుంటారు. అది మర్యాద, కోపం కాదు. ఆ హాల్లోనే ఏ బల్ల దగ్గర ఏ కాగితం ఇస్తారో, ఏ రోజు పెద్ద డాక్టరు ఉంటాడో, ఏ ఫొటో ఎన్ని కాపీలు కావాలో ఆమె నేర్చుకుంది. కొత్తగా వచ్చి గుడ్లనీరు కుక్కుకుంటున్నవాళ్ల పక్కన కూర్చుని ఫారాలు నింపి పెట్టేది. అక్కడి కౌన్సెలర్, చిన్న వయసు పిల్ల, ఆమెకి ఫారాల పండితురాలని పేరు పెట్టింది.

తన సంగతికొచ్చేసరికి మాత్రం ఆ పాండిత్యం పనికి రాలేదు. రెండేళ్ల కిందట వేళ్లు మొద్దుబారడం మొదలైంది. పాత మందుల వల్ల నరాలు దెబ్బతిన్నాయన్నారు. మందు మార్చారు గాని పోయిన స్పర్శ తిరిగి రాలేదు. కాజాలు వంకర పోసాగాయి. రోజుకి పది కుట్టే చెయ్యి మూడుకి దిగింది. మాస్టారు ఒక్క మాట అనకుండా ఆమెని గుండీలకి మార్చాడు, తర్వాత విప్పడాలకి, మడతలకి మార్చాడు. కూలి కూడా వాటితోపాటే తగ్గింది. అప్పుడే ఆమె సాయం కోసం తిరగడం మొదలుపెట్టింది.

ముందు సొంత ఊరి కార్యాలయానికి వెళ్లింది. మందులు ఎక్కడ తీసుకుంటే అక్కడే అడగాలన్నారు. అక్కడ అడిగితే, ఇల్లు ఎక్కడుంటే ఆ ఊళ్లోనే అడగాలన్నారు. ఎవరి కంటా పడకూడదని దూరం వెళ్లిన మనిషి రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టయింది. చెప్పులరిగేలా తిరిగాక, బస్సు చార్జీ తగ్గించే కార్డు ఒకటి దొరికింది. దాని మీద ఆ మందుల కేంద్రం పేరు బొమ్మతో సహా వేలెడంత అక్షరాలతో అచ్చేసి ఉంది. కండక్టరుకి చూపిస్తే బస్సంతా చూసినట్టే. కార్డు సంచీలో పెట్టుకుని పూర్తి టికెట్టు కొనేది. ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లు నెలకో పాలపొడి డబ్బా, గుడ్లు, పప్పు ఇచ్చేవారు. ఏడాది తిరక్కుండానే వాళ్లకి వచ్చే విరాళాలు ఆగిపోయాయి. ఆ సంస్థ నడిపే పెద్దావిడ మిగిలిన రెండు డబ్బాలూ అక్క చేతిలో పెట్టి, క్షమించమ్మా అని కళ్లనీళ్లు పెట్టుకుంది. అక్క ఆ డబ్బాల్లో ఒకటి హాల్లో కూర్చున్న బాలింతకిచ్చి వచ్చింది.

చివరికి కౌన్సెలర్ పిల్లే ఒక దారి వెతికింది. పని చేసుకోలేని స్థితిలో ఉన్నవాళ్లకి నెలనెలా ఇచ్చే సాయం ఒకటుంది. మందుల కేంద్రం నుంచే పంపొచ్చు, ఇల్లు ఏ ఊళ్లో ఉన్నా ఫరవాలేదు. రెండు పేజీల ఫారం, మొత్తం తొమ్మిది గళ్లు. అది వస్తే అద్దె గండం గట్టెక్కుతుంది, మందుల రోజు కూలి పోతుందన్న బెంగ ఉండదు. అక్క ఎనిమిది గళ్లు ముత్యాల్లాంటి అక్షరాలతో నింపింది.

ఆ ఫారం పట్టుకుని ఆమె మొదటిసారి ఎంక్వైరీ కిటికీ దగ్గరికి వచ్చింది. మధ్యాహ్నం, రద్దీ లేదు. గాజుపలక కింద ఉన్న సందులోంచి కాగితం లోపలికి తోసింది.

"ఏడో గడి నీదే," అంది.

చెల్లెలు చదివింది. దగ్గరి బంధువు పేరు, సంతకం, ఇంటి చిరునామా. కింద చిన్న అక్షరాల్లో ఇంకో మాట: అవసరమైతే అధికారి ఆ చిరునామాకి వచ్చి కనుక్కుంటారు.

"ఇంటికొస్తారా?"

"రావచ్చు, రాకపోవచ్చు. వస్తే రెండు ప్రశ్నలు అడుగుతారంతే."

"మా అత్తగారు పొద్దస్తమానం గుమ్మంలోనే కూర్చుంటుందక్కా."

"తెలుసు. ఆవిడకి కుర్చీ అక్కడే వేశావుగా."

ఇద్దరూ కాస్త నవ్వారు. అక్క సందులో పెట్టిన వేళ్లు వెనక్కి తీసుకుంది. చెల్లెలు ఫారాన్ని మడవకుండా సొరుగులో, టైముటేబుల్ పుస్తకం కింద పెట్టి, ఇంట్లో ఒక మాట చెప్పి నెలాఖరుకల్లా సంతకం పెట్టి ఇస్తానంది. సరే, తొందరేం లేదే అంది అక్క. ఆ మాట అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

నెలాఖరు వచ్చింది, పోయింది. చెల్లెలు మొగుడికి చెప్పాలని రెండుసార్లు నోరు తెరిచి, వేరే మాటలు మాట్లాడింది. అతను కోప్పడే మనిషి కాదు. కోప్పడితే తట్టుకోవచ్చు. అతను తల్లి దగ్గర ఏదీ దాచలేడు, అదే భయం. తల్లికి తెలిస్తే వీధికి తెలుస్తుంది. కూతురి బడిలో, తన బస్టాండులో, అందరి నోళ్లలో అక్క పేరు నానుతుంది. అక్క కోసమే ఆగుతున్నానని కొన్నాళ్లు చెప్పుకుంది. అది కాదని ఆమెకే తెలుసు. పై అరలో ఆ గ్లాసు ఇంకా బోర్లించే ఉంది.

రెండో నెల మందుల రోజున అక్క ఏడూ పది బస్సుకి ముందు కిటికీ దగ్గర ఆగింది. వెనక నలుగురు ప్రయాణికులున్నారు. అందరిలాగే అడిగింది.

"ఏడూ పది టైముకే ఉందా?"

"ఉంది."

"ఇంకేమైనా ఉందా?"

"ఇంకేం లేదు," అంది చెల్లెలు, వెనకాల మనిషి వైపు చూస్తూ.

అక్క తలూపి ఐదో నంబరు వైపు వెళ్లింది. మళ్లీ ఎప్పుడూ అడగలేదు. మూడో నెల కూడా బస్సెక్కింది గాని కిటికీ వైపు రాలేదు. నాలుగో నెల మందుల రోజున చెల్లెలు మైకులో ఏడూ పది గురించి మూడుసార్లు చెప్పి, మెడ సాచి ఐదో నంబరు చూసింది. అక్క లేదు. బస్సు వెళ్లిపోయింది. ఆ క్షణాన చెల్లెలికి కలిగింది బెంగ కాదు, గుండెల మీంచి ఏదో దిగినట్టు తేలిక. ఆ తేలికని ఆమె ఆ తర్వాత ఎన్నడూ మర్చిపోలేదు.

ఆ నెల మాస్టారికి ఒక పెళ్లి బృందం కోట్లు వచ్చాయి. మడతలు పెట్టే పనైనా సరే, ఒక్క రోజు మానితే ఆ వారం అద్దె లేదు. వచ్చే వారం వెళ్తాననుకుంది అక్క. ఆ వారం పోయి ఇంకో వారం వచ్చింది. ఉన్న మాత్రలు చాలవని రోజు విడిచి రోజు వేసుకుంది. వందమందికి అలా చెయ్యొద్దని చెప్పిన మనిషే చేసింది. తర్వాత దగ్గు పట్టుకుంది. చివరికి మాస్టారితో చెప్పి సోమవారం వెళ్దామనుకుంది.

సోమవారం పొద్దున అక్క అద్దెకుండే ఇంటి యజమానురాలు బస్టాండుకి ఫోను చేసింది. మీ అక్క ఊపిరాడక అవస్థ పడుతుంటే ఆసుపత్రిలో చేర్చామంది. చెల్లెలు మైకు పక్కావిడ చేతికిచ్చి లేచింది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చి, సొరుగు లాగి ఫారం తీసుకుని పరిగెత్తింది.

వార్డులో చివరి మంచం. మిగతా మంచాల చుట్టూ మనుషులున్నారు, ఈ మంచం చుట్టూ లేరు. అక్క ముక్కు మీద ప్రాణవాయువు గొట్టం. చెల్లెలు మంచం పక్కన కూర్చుంది. మంచం అంచు మీద ఫారం పరిచి, ఏడో గడిలో తన పేరు రాసింది. సంతకం పెట్టింది. ఇంటి నంబరుతో, వీధితో సహా చిరునామా రాసింది. రాసి అక్క కళ్ల ముందు పట్టుకుంది. అక్క గొట్టం కాస్త పక్కకి జరుపుకుని, మొదటి అక్షరం నుంచి చివరిదాకా తీరిగ్గా చదివింది.

"తేదీ వెయ్యలేదు," అంది. ఊపిరి కూడదీసుకుని మళ్లీ అంది. "తేదీ లేకపోతే వెనక్కి పంపుతారే."

చెల్లెలు తేదీ వేసింది.

బుధవారం పొద్దున అక్క పోయింది. ఊపిరితిత్తులు పాడయ్యాయని, మాత్రలు ఆగకుండా ఉంటే ఏమయ్యేదో చెప్పలేమని డాక్టరు అన్నాడు. చెల్లెలు రెట్టించి అడిగింది. చెప్పలేమమ్మా అని మళ్లీ అన్నాడు. అత్తగారు వచ్చింది, మొగుడు వచ్చాడు. ఏం జబ్బని అడిగినవాళ్లందరికీ చెల్లెలు ఈసారి ఉన్నమాటే చెప్పింది. అత్తగారు కొంగుతో నోరు కప్పుకుంది. నాకు కూడా చెప్పలేదేమే అంది. వీధి మాట్లాడుకుంది. వారం రోజులు మాట్లాడుకుని, వేరే సంగతి దొరగ్గానే దాని మీద పడింది.

మాస్టారు వచ్చి వెళ్లిన మర్నాడు చెల్లెలు సెలవు పెట్టి ఏడూ పది బస్సెక్కింది. మైకులో వేరేవాళ్ల గొంతు వినిపించింది. సంచీలో అక్క మందుల పుస్తకం, మిగిలిన నాలుగు మాత్రలు, ఆ ఫారం ఉన్నాయి. పుస్తకం అప్పగించమని ఎవరూ అడగలేదు. ఎవరికో ఒకరికి అప్పగించాలనిపించింది.

హాలు అక్క చెప్పినట్టే ఉంది. నలభై కుర్చీలు, గోడ వైపు చూసే మనుషులు. చెల్లెలు కూర్చోగానే పక్క కుర్చీలో మనిషి మర్యాదగా చూపు తిప్పుకున్నాడు. గంటకి పైగా కూర్చుంది. ఆమెని ఎవరూ పలకరించలేదు. అక్క ఇక్కడ పద్నాలుగేళ్లు నెలకో రోజు ఇలాగే కూర్చుందన్నమాట అనుకుంది.

కౌన్సెలర్ పిల్ల కబురు విని లేచి నిలబడింది. తర్వాత పుస్తకం తీసుకుంది, మాత్రలు లెక్కపెట్టకుండానే పక్కన పెట్టింది. ఫారం తిరగేసి, ఏడో గడి దగ్గర ఆగింది.

సంతకం నేనే ఆలస్యం చేశానండీ అని చెల్లెలు చెప్పింది. నాలుగు నెలలు నా సొరుగులోనే ఉంది, నావల్లే పంపలేకపోయింది అంది.

ఆ పిల్ల చెప్పాలా వద్దా అన్నట్టు ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత చెప్పింది. ఒంటరిగా ఉండేవాళ్లు ఆ గడిలో ఎవరూ లేరని రాస్తే చాలట. సంతకం అక్కర్లేదు, ఇంటికెవరూ రారు. ఆ రోజే పంపేస్తారు, మరుసటి నెల నుంచే సాయం వస్తుంది. ఇంటినిండా మనుషులున్నవాళ్లు కూడా సగం మంది అలాగే రాసేస్తారట, ఎవరూ తప్పుపట్టరట.

"అక్కకి తెలుసా?"

"మొదటి రోజే చెప్పానండీ. తర్వాత వచ్చినప్పుడల్లా చెప్పాను. కలం చేతిలో పెట్టాను కూడా," అంది కౌన్సెలర్. "చెల్లెలుండగా లేదని ఎలా రాస్తానమ్మా అనేది."